కర్చీఫ్ వేసిన సీట్లు: అమెరికా కాలేజీ బేస్‌బాల్ సీజన్ టికెట్ కొనొచ్చా?

ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపుకోవడం మనకు తెలిసిన విద్యే. విసిరినవాడు తోసుకుంటూ ఎక్కి ఆ సీట్లో కూర్చుంటాడు, అక్కడితో సరి. అమెరికా దక్షిణాది కాలేజీ బేస్‌బాల్ మైదానాల్లో మాత్రం ఒకేసారి ముప్పై అయిదు బస్సులకు కర్చీఫ్ వేస్తారు. పదో పన్నెండో ఎక్కుతారు. మిగతా బస్సుల్లో ఆ సీటు ఖాళీగానే ఊరు చేరుతుంది. ఈ కర్చీఫ్ పేరే సీజన్ టికెట్.

టీవీలో ఏ మంగళవారం ఆట పెట్టి చూసినా సంగతి తెలుస్తుంది. కెమెరా సెంటర్ ఫీల్డ్‌లో, అంటే బ్యాటర్‌కి ఎదురుగా మైదానం చివర ఉంటుంది కాబట్టి బంతి విసిరే పిచర్ వీపు, ఎదురుగా బ్యాటర్, క్యాచర్, అంపైర్, వాళ్ళ వెనక వలకు అవతల మొదటి ఆరేడు వరసలు కనిపిస్తాయి. మైదానం మొత్తంలో ఖరీదైన కుర్చీలు అవే. వాటిలో వరసకు ఇద్దరు ముగ్గురుంటారు. మిగతావి మడత విప్పని కుర్చీలు. కెమెరా అటు తిరిగి ఔట్‌ఫీల్డ్ గోడ మీదకు వెళ్తే చవక బెంచీల మీద జనం, గోల. ఆట అయ్యాక స్కోరు పట్టికలో హాజరు మాత్రం మైదానం నిండిపోయినట్టే ఉంటుంది.

ఈ సమీక్ష ఏదో ఒక్క యూనివర్సిటీ టికెట్ గురించి కాదు. సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్ (దక్షిణాది యూనివర్సిటీల క్రీడా కూటమి), అంటే ఎస్‌ఈసీ కాలేజీలు అమ్మే రకం టికెట్ గురించి. బాటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) వాళ్ళ అలెక్స్ బాక్స్ స్టేడియం (2009లో తెరిచారు, 10,326 సీట్లు), స్టార్క్‌విల్‌లో మిసిసిపీ స్టేట్ వాళ్ళ డ్యూడీ నోబుల్ ఫీల్డ్, ఫయెట్‌విల్‌లో అర్కాన్సా వాళ్ళ బామ్-వాకర్, కాలేజ్ స్టేషన్‌లో టెక్సస్ ఎ అండ్ ఎమ్ వాళ్ళ ఓల్సెన్ ఫీల్డ్, కొలంబియాలో సౌత్ కరోలినా వాళ్ళ ఫౌండర్స్ పార్క్ ఈ కోవలోవే. ధరలూ నిబంధనలూ ఊరికొక తీరు. టికెట్ అల్లిక మాత్రం ఒకటే.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. ప్రతిసారీ అదే సీట్లో కూర్చోవాలన్న పట్టింపు ఉంటే, జూన్‌లో జరిగే జాతీయ టోర్నమెంట్ ఆటల మీద గట్టి ఆశ ఉంటే కొనండి, అదీ నలుగురు కలిసి. ఆట చూడటమే కావాలనుకుంటే కొనకండి. కొన్నవాళ్ళు వదిలేసిన సీట్లు మీకు సరిపోతాయి.

ఒకే పేరు, మూడు సరుకులు

అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ మొదటి డివిజన్ జట్టు రెగ్యులర్ సీజన్‌లో గరిష్ఠంగా 56 ఆటలు ఆడొచ్చు. ఎస్‌ఈసీ జట్టుకు అందులో 30 కాన్ఫరెన్స్ ఆటలు, అంటే కూటమిలోని జట్లతోనే ఆడేవి. పది వారాంతాలు, వారాంతానికి మూడు చొప్పున. వాటిలో సగం సొంత ఊళ్ళో, అంటే 15. ఇవి కాక ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మధ్య దాకా వారాంతాల్లో ఇతర కాన్ఫరెన్స్‌ల జట్లతో ఆటలుంటాయి. సీజన్ పొడుగునా మంగళ, బుధవారాల రాత్రి ఆటలు అదనం. సొంత మైదానంలో మొత్తం 35 అనుకుందాం: 15 కాన్ఫరెన్స్, 12 తొలి వారాంతాలవి, 8 వారం మధ్యవి.

ఈ మూడూ ఒక ధర పలికే సరుకు కాదు. కాలేజీలో మొదటి రకం పిచర్ వారానికి ఒక్కసారే ఆట మొదలుపెడతాడు, అదీ శుక్రవారం రాత్రి. శనివారం రెండోవాడు, ఆదివారం మూడోవాడు. మంగళవారం వచ్చేసరికి కొత్త కుర్రాళ్ళు, దెబ్బ నుంచి కోలుకుంటున్నవాళ్ళు ఇన్నింగ్స్‌కి ఒకరు చొప్పున వస్తారు. పిచర్ మారినప్పుడల్లా వార్మప్ బంతులు, కోచ్ నడక, మళ్ళీ సైగలు. ఆట మూడు గంటలు దాటడానికి సగం కారణం ఇదే. మన క్రికెట్ లెక్కలో చెప్పాలంటే శుక్రవారం టెస్ట్ మ్యాచ్ మొదటి రోజు, మంగళవారం బోర్డు ప్రెసిడెంట్స్ ఎలెవెన్ ప్రాక్టీస్ మ్యాచ్. సీజన్ టికెట్‌లో రెండూ ఒకే తాళంచెవికి కట్టి ఇస్తారు. నాకు మంగళవారాలు వద్దంటే కుదరదు.

ధర కూడా ఒక్క ముక్కలో ఉండదు. టికెట్ ముఖ విలువ ఒకటి, ఆ సెక్షన్‌లో సీటు ఉంచుకోవడానికి యూనివర్సిటీ క్రీడల ఫౌండేషన్‌కి ఏటా కట్టే విరాళం ఒకటి. పేరుకే విరాళం. కట్టకపోతే సీటు పోతుంది.

లెక్క కోసం అంకెలు మేమే అనుకుంటున్నాం, మీ ఊరి అంకెలు పెట్టి మళ్ళీ చేసుకోండి. టికెట్ 420 డాలర్లు, విరాళం 280, మొత్తం 700. ముప్పై అయిదుతో భాగిస్తే ఆటకు 20. చవకే అనిపిస్తుంది, అమ్మే కౌంటర్లో చూపించేదీ ఆ అంకే. ఉద్యోగం, పిల్లలు ఉన్న మనిషి వెళ్ళగలిగేది 14 ఆటలకు అనుకోండి: 9 కాన్ఫరెన్స్, 5 మామూలువి. మిగిలిన 6 కాన్ఫరెన్స్ టికెట్లు 30 డాలర్ల చొప్పున అమ్మితే అమ్మిపెట్టే వెబ్‌సైట్ కమిషన్ పోను ఒక్కోదానికి 26 చేతికొస్తుంది, అంటే 156. మిగతా 15 మామూలు ఆటల టికెట్లకు బేరం రాదు. 700లో 156 తీసేస్తే 544. పద్నాలుగు ఆటలకు 544 అంటే ఆటకు దాదాపు 39 డాలర్లు.

అవే 14 ఆటలు విడిగా కొంటే? కాన్ఫరెన్స్ ఆట ఫీజులతో కలిపి 35, మామూలుది 8 అనుకుంటే 315, 40, కలిపి 355. తేడా 189 డాలర్లు. ఆ 189 కర్చీఫ్ ఖరీదు. దానికి వచ్చేది మూడు: ఎప్పుడూ అదే సీటు, వచ్చే ఏడు రెన్యువల్ హక్కు, జూన్ ఆటలకు అందరికంటే ముందు టికెట్ కొనే పిలుపు. ఇవి మీకు 189 చేస్తాయా లేదా అన్నదే ప్రశ్న. ఇంకో సంగతి, అన్ని ఆటలూ ఒక్కటి కూడా వదలకుండా చూసినా విడి ధరల్లో 685 మాత్రమే అవుతుంది. ఈ టికెట్‌లో గిట్టుబాటు ఆటల సంఖ్యలో లేదు.

ఖాళీలు ఎందుకు

ఆసక్తి లేక అనుకుంటే పొరపాటు. 2023 ఏప్రిల్ 15న స్టార్క్‌విల్‌లో మిసిసిపీ స్టేట్, ఓల్ మిస్ (యూనివర్సిటీ ఆఫ్ మిసిసిపీ) ఆటకు 16,423 మంది హాజరు నమోదైంది. కాలేజీ ప్రాంగణంలో జరిగిన ఆటల్లో అది రికార్డు. అక్కడ ఎడమ ఔట్‌ఫీల్డ్ గోడ వెనక లెఫ్ట్ ఫీల్డ్ లాంజ్ అని ఒక చోటుంది. ఒకప్పుడు ట్రక్కులు వెనక్కి పెట్టి నిలబడి చూసిన జాగా, ఇప్పుడు కట్టిన వేదికలు. ఆటకు ముందే అక్కడ వంట పొయ్యిలు వెలుగుతాయి. గాలి లోపలికి తిరిగితే లెఫ్ట్ ఫీల్డర్ పొగలో నిలబడే ఆడతాడు. అలాంటి ఊళ్ళోనైనా వారం మధ్యలో హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక సెక్షన్లు పలచబడతాయి.

మొదటి కారణం వెయిటింగ్ లిస్ట్. మంచి సెక్షన్లలో సీటు వదిలితే మళ్ళీ దొరకదు, మీ తర్వాత వరసలో ఇంకొకరు నిలబడి ఉంటారు. కాబట్టి వెళ్ళినా వెళ్ళకపోయినా రెన్యువల్ చేస్తారు. దీనికి తోడు చాలా కాలేజీల్లో విరాళానికి ప్రాధాన్య పాయింట్లు ఇస్తారు. ఆ పాయింట్లు అమెరికన్ ఫుట్‌బాల్ సీట్లకూ పార్కింగ్‌కీ పనికొస్తాయి. అంటే బేస్‌బాల్ సీటు కొన్నవాళ్ళలో కొందరి కన్ను శరత్కాలపు ఫుట్‌బాల్ మీద ఉంటుంది. ఆ సీట్లో ఎవరూ కూర్చోకపోయినా వాళ్ళ పని జరిగిపోతుంది. మన ఊళ్ళల్లో కట్టి తాళం వేసి అమెరికా వచ్చేసిన ఇళ్ళు చూశారుగా, అదే బాపతు.

పన్నుల చట్టం ఈ లెక్కను కొంత మార్చింది. 2017 దాకా సీటు హక్కు కోసం కట్టిన విరాళంలో 80 శాతాన్ని పన్ను పడే ఆదాయం నుంచి తగ్గించుకునే వీలుండేది. 2018 నుంచి అది పూర్తిగా పోయింది. కంపెనీలు ఖాతాదారులను ఆటలకు తీసుకెళ్ళి రాసుకునే వినోద ఖర్చు మినహాయింపు కూడా అదే చట్టంతో పోయింది. రాయితీ పోతే జనం వదిలేస్తారనుకుంటాం. వెయిటింగ్ లిస్ట్ భయం పెద్దది, మంచి సీట్లను అంత తేలిగ్గా వదలరు.

రెండోది టీవీ. ఎస్‌ఈసీ నెట్‌వర్క్ 2014 ఆగస్టులో మొదలైంది. టీవీలో రానివి దాని స్ట్రీమింగ్‌లో వస్తున్నాయి కాబట్టి సొంత మైదానం ఆటలన్నీ ఇంట్లో సోఫా మీద నుంచి చూడొచ్చు. మంగళవారం సాయంత్రం ఆరున్నరకు ఆట, తెల్లారితే బడి. క్యాంపస్ పార్కింగ్ సాయంత్రం దాకా విద్యార్థులతో, సిబ్బందితో నిండే ఉంటుంది. ఫిబ్రవరిలో రాత్రి ఫారెన్‌హీట్ నలభైల్లోకి దిగితే అల్యూమినియం బెంచీ మీద కూర్చోవడం మంచుగడ్డ మీద కూర్చున్నట్టే. ఇవన్నీ దాటి వచ్చేవాళ్ళు తక్కువ, వచ్చినవాళ్ళు కూడా తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఏడో ఇన్నింగ్స్‌కే లేస్తారు.

మరి స్కోరు పట్టికలో నిండు హాజరు ఎలా? చాలాచోట్ల ప్రకటించేది అమ్ముడైన టికెట్ల సంఖ్య, గేటు దగ్గర స్కాన్ అయినవాటిది కాదు. ఫుట్‌బాల్‌లో ఈ తేడాను వాల్‌స్ట్రీట్ జర్నల్ 2017 సీజన్‌కు లెక్కగట్టింది: స్కాన్ అయినవి ప్రకటించిన హాజరులో దాదాపు 71 శాతం. ఫుట్‌బాల్‌కి ఏడాదికి సొంత మైదానంలో ఏడే ఆటలు, అవీ చాలావరకు శనివారాలు. బేస్‌బాల్‌కి దానికి అయిదింతలు, అందులో దాదాపు నాలుగో వంతు వారం మధ్య రాత్రులు. ఆపైన మీరే ఊహించుకోండి. అమ్మినవాళ్ళకు డబ్బు ఎలాగూ ముట్టింది, సీటు నిండకపోతే వాళ్ళకు పోయేది తినుబండారాల అమ్మకమూ, టీవీలో పరువూ. అందుకే సరిదిద్దాలన్న తొందర కనపడదు. ఈ సరుకుకు మేము మార్కులు కోసేది ఇక్కడే.

వెళ్ళలేని ఆట టికెట్‌ని ఏం చేయాలి

కొన్నవాళ్ళు ఈ భాగం మాత్రం శ్రద్ధగా చదవండి. ఖాళీల్లో చాలావాటికి కారణం ఉద్దేశం కాదు, బద్ధకం. టికెట్లన్నీ ఇప్పుడు ఫోన్లోనే. కాలేజీని బట్టి పాసియోలన్ ఖాతాలోనో, టికెట్‌మాస్టర్ ఖాతాలోనో, సీట్‌గీక్‌లోనో ఉంటాయి. ముప్పై అయిదు ఆటలు, రెండు సీట్లు అంటే డెబ్బై బార్‌కోడ్‌లు. ఆట రోజు మధ్యాహ్నం గుర్తొచ్చి పాస్‌వర్డ్ మరిచిపోయి వదిలేసేవే ఎక్కువ.

పని చేసే పద్ధతి ఇది. షెడ్యూల్ రాగానే ఒకసారి కూర్చుని ఆటలను మూడు రాశులు పోయండి: తప్పక వెళ్ళేవి, వెళ్ళనివి, చూద్దాం అనుకునేవి. వెళ్ళని రాశిలోని కాన్ఫరెన్స్ ఆటలను సీజన్ మొదలవగానే అమ్మకానికి పెట్టండి. వరస, సెక్షన్ పోల్చి మీకంటే చవకగా ఎంతమంది పెట్టారో చూసి ధర కట్టండి. ఆట దగ్గరపడేకొద్దీ ధర దిగుతుంది, వాన సూచన వస్తే ఒక్కపూటలో సగమవుతుంది. శుక్రవారం ఆటకు బుధవారం రాత్రి ఒకసారి, ఆట రోజు ఉదయం ఒకసారి ధర సవరించడం చాలు. రెండు సీట్లుంటే జతగానే పెట్టండి. ఒకటి అమ్ముడై ఒకటి మిగిలితే ఆ మిగిలినదాన్ని ఎవరూ అడగరు.

మంగళవారం టికెట్‌ని అమ్మాలని చూడకండి. నాలుగు డాలర్లకు కమిషన్ పోను మిగిలేది మీ సమయానికి చాలదు. ఎవరికైనా పంపేయండి. ట్రాన్స్‌ఫర్ నొక్కి, తీసుకునేవాళ్ళ ఈమెయిల్ గానీ ఫోన్ నంబరు గానీ ఇస్తే వాళ్ళకు లింకు వెళ్తుంది. ఇక్కడ తప్పు జరిగేది ఒకే చోట: వాళ్ళు ఆ లింకు తెరిచి, అదే ఈమెయిల్‌తో ఖాతా తెరిచి, స్వీకరించు అని నొక్కాలి. నొక్కనంతవరకు టికెట్ మీదీ కాదు, వాళ్ళదీ కాదు, మధ్యలో వేలాడుతుంది. స్వీకరించకముందు మీరు వెనక్కి తీసుకోవచ్చు, తీసుకున్నాక వాళ్ళు తిరిగి పంపాల్సిందే. అందుకని ముందు రోజే పంపి, అందిందా అని అడగండి. స్క్రీన్‌షాట్ మాత్రం పంపకండి. చాలా టికెట్లలో బార్‌కోడ్ కొన్ని సెకన్లకోసారి మారిపోతుంది, గేటు దగ్గర స్క్రీన్‌షాట్ చెల్లదు.

కాలేజీకే తిరిగిచ్చే వీలు కొన్నిచోట్ల ఉంది. అలా వచ్చినవాటిని సైనిక కుటుంబాలకో, పిల్లల సంఘాలకో ఇస్తారు. ఖాతాలో డొనేట్ అనో రిటర్న్ అనో మీట ఉందేమో చూడండి. ఆట మొదలవడానికి ఎన్ని గంటల ముందు దాకా పనిచేస్తుందో గడువు ఉంటుంది, అది దాటితే మాయమవుతుంది. తిరిగిచ్చినంత మాత్రాన మీకు డబ్బు రాదు. రెన్యువల్‌లో చిన్న మెచ్చుకోలు కూడా ఉండదు చాలాచోట్ల. వాడిన టికెట్లకు పాయింట్లు ఇస్తే ఈ బద్ధకం వదులుతుందని మా అభిప్రాయం. ఫుట్‌బాల్‌లో అలబామా 2019లో విద్యార్థులు ఆట చివరిదాకా ఉంటే ఫోన్ యాప్ ద్వారా పాయింట్లు ఇచ్చింది. ఫోన్‌తో ఆచూకీ పడతారా అని గొడవ కూడా అయింది. బేస్‌బాల్‌కి అంత అక్కర్లేదు, స్కాన్ లెక్క ఎలాగూ వాళ్ళ దగ్గరే ఉంది.

నలుగురు కలిసి కొంటే ఈ తలనొప్పి సగం పోతుంది. చీటీ కట్టిన అలవాటు ఉన్నవాళ్ళకు ఇది కష్టం కాదు. కాన్ఫరెన్స్ ఆటలను ఒక కుండలో, మిగతావి ఇంకో కుండలో వేయండి, లేకపోతే ఒకరికి శుక్రవారాలన్నీ, ఒకరికి మంగళవారాలన్నీ పడి మాటలు ఆగిపోతాయి. పేర్లు చీటీలు వేసి వరస తేల్చి 1, 2, 3, 4 అని ఎంచుకుని, తర్వాతి చుట్టు 4, 3, 2, 1 అని తిరగేయండి. ఎవరి పేరు మీద ఖాతా ఉంటే రెన్యువల్ హక్కూ పాయింట్లూ వాళ్ళవే, కాలేజీ దృష్టిలో మిగతా ముగ్గురు లేనట్టే. జూన్ టికెట్లు ఎవరికి ఏ వరసలో, ఒకరు మానేస్తే వాటా ఎవరికి అన్నది డబ్బు కట్టకముందే వాట్సాప్‌లోనైనా రాసి పెట్టుకోండి.

ఖాళీ సీటు కొనేవాళ్ళకు

కొననివాళ్ళకు ఇది పండగ. మంగళవారం ఆటకు మధ్యాహ్నం నాలుగు దాకా ఆగండి. 2025 మే 12 నుంచి అమలైన ఎఫ్‌టీసీ (అమెరికా ప్రభుత్వ వినియోగదారుల రక్షణ సంస్థ) నిబంధన వల్ల టికెట్లు అమ్మే వెబ్‌సైట్లు ఫీజులన్నీ కలిపిన ధరే మొదట చూపాలి, కాబట్టి పోల్చడం తేలిక. సెక్షన్ మాత్రం చూసి మురిసిపోకుండా వరస చూడండి. ప్లేట్ వెనక మొదటి వరసలకు వల అడ్డుగా ఉంటుంది, కన్ను పది నిమిషాల్లో అలవాటు పడుతుంది. డగౌట్ మీదుగా కొంచెం పైన, పది నుంచి పదిహేనో వరస మధ్య మాకు ఇష్టం: పిచర్ బంతి ఎక్కడ తిరిగిందో, ఇన్‌ఫీల్డర్లు బ్యాటర్‌ని బట్టి ఎటు జరిగారో రెండూ కనిపిస్తాయి.

ఎండ సంగతి మరిచిపోవద్దు. మైదానాలను హోమ్ ప్లేట్ నుంచి సెంటర్ ఫీల్డ్ వైపు గీత తూర్పు-ఈశాన్యానికి ఉండేలా కట్టడం మంచిదని బేస్‌బాల్ నియమావళే చెబుతుంది. అలా కట్టినచోట సాయంత్రం ఎండ మూడో బేస్ వైపు, ప్లేట్ వెనక కూర్చున్నవాళ్ళ వీపు మీద పడుతుంది, స్టాండ్ నీడ అక్కడే ముందు దిగుతుంది. కుడి ఔట్‌ఫీల్డ్ వాళ్ళకు సూర్యుడు సూటిగా కళ్ళల్లోనే. స్థలాన్ని బట్టి కొన్ని మైదానాలు తిరగేసి ఉంటాయి, ఫోన్లో మ్యాప్ తెరిచి చూస్తే అర నిమిషంలో తేలుతుంది. మే నెల శనివారం మధ్యాహ్నం రెండు గంటల ఆటకు ఈ అర నిమిషం ధర తేడా కంటే విలువైనది.

చవక బెంచీ టికెట్‌తో వెళ్ళి ఖాళీగా ఉన్న మంచి సీట్లోకి దిగడం గురించి అందరూ అడుగుతారు. సరే, చెబుతాం. మెట్ల మొదట్లో నిలబడి సీట్లు చూపించే అషర్ టికెట్ అడిగితే చూపించాలి, వెనక్కి పంపితే వెళ్ళాలి. అయిదో ఇన్నింగ్స్ తర్వాత మంగళవారాల్లో చాలామంది అషర్లు చూసీ చూడనట్టు ఉంటారు. నడవ పక్క సీటు వద్దు, వరస మధ్యలో కూర్చోండి. అసలు యజమాని వస్తే ఒక్క మాట లేకుండా లేచిపోండి. కాన్ఫరెన్స్ శుక్రవారం ఈ ప్రయత్నమే వద్దు.

ఎమ్మెస్‌కి వచ్చిన మనవాళ్ళు టికెట్ కొనేముందు విద్యార్థి ఐడీతో ప్రవేశం ఎలా ఉందో చూడండి. చాలా కాలేజీల్లో అది ఉచితమో నామమాత్రమో. ముందుగా యాప్‌లో తీసుకోవాల్సి రావచ్చు, విద్యార్థుల సెక్షన్ ఔట్‌ఫీల్డ్‌లో ఉండొచ్చు. ఓల్ మిస్‌లో కుడి ఔట్‌ఫీల్డ్ విద్యార్థుల అడ్డా, వాళ్ళవాడు హోమ్ రన్ కొడితే బీరు గ్లాసులు గాల్లోకి లేస్తాయి. తల తడవడం ఇష్టం లేకపోతే అటు వెళ్ళకండి. ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక కూడా: వెళ్ళలేని ఆట టికెట్ ఒకటీ అరా అమ్ముకోవడం వేరు, కొని అమ్మడం పనిగా పెట్టుకోవడం వేరు. రెండోదానికి దిగేముందు యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడగండి.

గేటు దగ్గర ఎస్‌ఈసీ సంచి నియమం ఉంటుంది: పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి, 12 అంగుళాలు, 6 అంగుళాలు, 12 అంగుళాలకు మించకూడదు. మామూలు బ్యాగ్ తెస్తే కారు దాకా మళ్ళీ నడక. టికెట్‌ని ఇంట్లోనే ఫోన్ వాలెట్‌లోకి దించుకోండి, గేటు దగ్గర వేలమంది మధ్య నెట్ రాదు. నలుగురి టికెట్లు ఒకే ఫోన్లో ఉంటే నలుగురూ కలిసే వెళ్ళాలి, ఆలస్యంగా వచ్చేవాడికి ముందే ట్రాన్స్‌ఫర్ చేయండి. శాకాహారులకు లోపల వేరుశనగలు, పాప్‌కార్న్, ప్రెట్జెల్, నాచోస్. అంతకు మించి ఆశ పెట్టుకోకండి, తిని వెళ్ళండి.

వాన, వారం మార్పులు, జూన్

టికెట్ మీద శుక్రవారం అని ఉన్నా ఆట శుక్రవారమే జరుగుతుందన్న హామీ లేదు. వాన సూచన ఉంటే శుక్ర, శని ఆటలు ఒకే రోజు రెండుగా సర్దేస్తారు. అప్పుడు శుక్రవారం టికెట్ ఆ ఆటకే చెల్లుతుంది గానీ మొదటి ఆట అయ్యాక మైదానం ఖాళీ చేయించి రెండోదానికి మళ్ళీ లోపలికి పంపుతారా, ఒకే ప్రవేశమా అన్నది ఆ రోజు ప్రకటన చూస్తేనే తెలుస్తుంది. ఫోన్లోని టికెట్ మీద పాత తేదీయే కనిపించి కంగారు పెడుతుంది. బార్‌కోడ్ ఆటకు కట్టి ఉంటుంది, తేదీకి కాదు. అయిదు ఇన్నింగ్స్ పూర్తయితే, సొంత జట్టు ముందుంటే నాలుగున్నరకే, ఆట లెక్కలోకి వస్తుంది. ఆ తర్వాత వాన పడి ఆపేసినా డబ్బు అడగడానికి లేదు. రద్దయిన మంగళవారం ఆటకు సీజన్ టికెట్‌వాళ్ళకు చాలాచోట్ల ఏమీ తిరిగి రాదు. ఈస్టర్ వారంలోనూ, సీజన్ చివరి వారాంతంలోనూ సిరీస్ గురువారం మొదలై శనివారం ముగుస్తుంది. ఆ ఆదివారం వెళ్దామని ఆగినవాళ్ళ సీట్లు గురువారం ఖాళీగా పడి ఉంటాయి.

ఇక జూన్. ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి 64 జట్లు, 16 ఊళ్ళల్లో నాలుగేసి జట్ల తొలి దశ, దాని పేరు రీజినల్. రెండు ఓడితే ఇంటికి. ఆతిథ్యం ఇచ్చే 16 ఊళ్ళ పేర్లు మెమోరియల్ డే (మే చివరి సోమవారం సెలవు) వారాంతంలో బయటికొస్తాయి, శుక్రవారానికి ఆట మొదలు. మధ్యలో ఉన్నది అయిదు రోజులు. సీజన్ టికెట్‌వాళ్ళకు ముందుగా కొనే అవకాశం ఇస్తారు, చాలాసార్లు వాళ్ళ సీటే వాళ్ళకు. గుర్తుంచుకోండి, ఇది కొనే హక్కు మాత్రమే. డబ్బు వేరే కట్టాలి, గడువులోగా ఖాతాలో అవునని చెప్పాలి. ఈమెయిల్ చూడక గడువు దాటించుకుని, 189 డాలర్ల కర్చీఫ్‌ని సరిగ్గా పనికొచ్చే రోజున పారేసుకునేవాళ్ళుంటారు. మే 20 నుంచి స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి.

సొంత మైదానం దొరకని ఏడు ఆ హక్కు సున్నా. జట్టు రీజినల్‌కి వేరే ఊరు వెళ్తే మీకు ముందుగా కొనే పిలుపు ఉండదు. కాబట్టి మొదటిసారి కొనేవాళ్ళు జట్టు గత అయిదేళ్ళలో ఎన్నిసార్లు ఆతిథ్యం ఇచ్చిందో లెక్కపెట్టుకుని డబ్బు కట్టండి. మూడుసార్లకు తగ్గితే మేమైతే విడి టికెట్లే కొంటాం.

రీజినల్‌లోనూ ఖాళీలుంటాయి. శుక్రవారం రెండు ఆటల్లో ఒకటి సొంత జట్టుది కాదు. అన్ని ఆటల పాస్ కొన్నవాళ్ళు దానికి రారు. ఎండలో, సగం నిండని స్టాండ్‌లో, రెండో సీడ్‌కీ మూడో సీడ్‌కీ మధ్య జరిగే ఆ ఆట చాలాసార్లు రోజులో బిగువైనది. విడి టికెట్ అప్పుడు చవకగా దొరుకుతుంది. పిచర్ వీపు వెనక కెమెరాకు ఎదురుగా, మూడో వరస మధ్యలో చూడండి.